తల్లుల మాట వినే టీచరమ్మ

మత్తుకు బానిసైన కుర్రాడు ఇంట్లో ఉంటే అందరి కళ్లూ వాడి మీదే. డాక్టరు వాణ్ణే చూస్తాడు, పోలీసులు వాణ్ణే అడుగుతారు, చుట్టాలు వాడి గురించే చెప్పుకుంటారు. కన్నతల్లి అన్నం తిందో లేదో, రాత్రి కన్ను మూసిందో లేదో ఎవరికీ పట్టదు. మా సంస్థలో ఆ సంగతి మొదట పట్టించుకున్నది ఒక రిటైర్డు లెక్కల టీచరు. మేమంతా టీచరమ్మ అనే పిలిచేవాళ్లం. పోయిన ఏడాది గుండెపోటుతో కన్నుమూశారు.

సికింద్రాబాద్‌లో రెండు గదుల్లో నడిచే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది. చికిత్స మేం చెయ్యం. ఎక్కడికి వెళ్లాలో చెప్తాం, తోడు వెళ్తాం, తిరిగొచ్చాక కనిపెట్టుకుని ఉంటాం. నేనక్కడ ఫోన్లు, రిజిస్టర్లు చూస్తాను. టీచరమ్మ పన్నెండేళ్లు, వారానికి మూడు రోజులు వచ్చారు. జీతం లేదు. బస్సు ఛార్జీలిస్తామన్నా పుచ్చుకోలేదు. "పెన్షన్ వస్తోందిగా" అనేవారు.

పక్కింటి అబ్బాయి

మా దగ్గరికొచ్చే తల్లులు చాలామంది, "మా పక్కింటి అబ్బాయి గురించండీ..." అని మొదలుపెడతారు. టీచరమ్మకు అర్థమయ్యేది. అయినా బయటపడేవారు కాదు. "సరేనమ్మా, పక్కింటి అబ్బాయికి ఏం చెయ్యాలో చూద్దాం. ముందు నువ్వేమైనా తిన్నావా?" అంటూ తన టిఫిన్ బాక్సు మూత తీసేవారు. ఓ అరగంటకు, "మావాడేనండీ" అని ఆ తల్లి కొంగుతో కళ్లొత్తుకునేది.

తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చేవారు. ఈ నెల ఇంట్లోంచి ఎంత పోయింది, ఎవరి దగ్గర ఎంత అప్పయింది, ఏ వస్తువు కనిపించడం లేదు, అన్నీ రాయమనేవారు. "తప్పు నీది కాదు. లెక్క మాత్రం నువ్వే చూసుకోవాలి" అని చెప్పేవారు.

ఒకావిడ కొడుకు అప్పులు నాలుగుసార్లు తీర్చింది. నాలుగోసారి చేతి గాజులమ్మింది. టీచరమ్మ ఆవిణ్ణి కోప్పడలేదు. "అన్నం పెట్టు, డబ్బు పెట్టకు. ఫీజు నువ్వే కాలేజీకెళ్లి కట్టు. వాడు మత్తులో ఉన్నప్పుడు వాదించకు, పొద్దున మాట్లాడు" అన్నారు. వినడానికి తేలికే. చెయ్యడానికి ఆ తల్లికి ఏడాది పట్టింది. ఆ ఏడాదీ వారం వారం ఆవిడ పక్కన కూర్చున్నది టీచరమ్మే.

టీచరమ్మకు కోపం రావడం నేను చూసింది ఒక్క మాటకే. "పెళ్లి చేస్తే వాడే బాగుపడతాడు" అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "మీవాడికి మందుగా ఇంకో ఇంటి ఆడపిల్లనిస్తారా?" అని నిలదీసేవారు. అలా ఆగిపోయిన సంబంధాలు రెండు మూడు నాకు తెలుసు.

తమ్ముడి కథ

ఈ పనిలోకి ఎందుకొచ్చారని చాలాకాలం నేనడగలేదు. ఒకరోజు ఆవిడే చెప్పారు. తమ్ముడు బ్రౌన్‌షుగర్‌కి అలవాటుపడ్డాడట. చికిత్స చేయించి తీసుకొచ్చారు. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకున్నారు. రెండో వారంలో ఒక్కసారి, పాత మోతాదే తీసుకున్నాడు. తెల్లారి లేవలేదు.

కారణం తర్వాత తెలిసిందట. హెరాయిన్ లాంటివి కొన్నాళ్లు మానేస్తే శరీరానికి ఆ మోతాదును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మునుపు మామూలుగా తీసుకున్నదే అప్పుడు ఊపిరి ఆపేస్తుంది. అందుకే ఏ కుర్రాడు చికిత్స నుంచి ఇంటికొచ్చినా మొదటి వారాల్లో టీచరమ్మ రోజూ ఫోన్ చేసేవారు. "బాగయ్యాడని వదిలెయ్యకండి, ఇప్పుడే కావాలి మనం" అనేవారు. ఆ ఫోన్ల జాబితా ఇప్పటికీ మా రిజిస్టర్లో ఆవిడ చేతిరాతతో ఉంది. నేనిప్పుడు దాని ప్రకారమే ఫోన్లు చేస్తున్నాను.

గాజులమ్మిన తల్లి ఇప్పుడు ప్రతి గురువారం వచ్చి కొత్తగా వచ్చే తల్లులతో మాట్లాడుతోంది. ఆవిడ కొడుకు రెండుసార్లు మళ్లీ జారాడు, రెండుసార్లూ చికిత్సకు వెళ్లాడు. ప్రస్తుతం ఒక సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తున్నాడు.

టీచరమ్మ ప్రతి తల్లికీ చెప్పినవి

* మద్యం గానీ, నిద్రమాత్రలు గానీ చాలాకాలంగా వాడేవాళ్ల చేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

* గదిలో పెట్టి తాళం వెయ్యడం, గొలుసులతో కట్టడం చికిత్స కాదు. అలా చేసే కేంద్రాలకు పంపకండి.

* పిలిచినా లేవకుండా, ఊపిరి మందగించి, పెదాలు నీలంగా మారితే "నిద్రపోతున్నాడులే" అనుకోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

* పోలీసు కేసవుతుందని చికిత్స ఆపకండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది పరిమాణం దొరికినందుకో కేసున్నవాళ్లు తమంతట తాము ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వెళ్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మాత్రం పూర్తి చెయ్యాలి.

* కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14446. సిగ్గుపడకుండా ఫోన్ చెయ్యండి. "పక్కింటి అబ్బాయి" అని చెప్పినా ఫరవాలేదు.