గినీ గడ్డిని గుర్తించుట ఎట్లు?

వేపను, చింతను పేరుపెట్టి పిలిచెడి మనము, కాలువగట్టు మీద నిలువెత్తు పెరిగినదానిని మాత్రము తెలుగున గడ్డి అనియు, ఉర్దూలో ఘాస్ అనియు ఒక్క మాటతో సరిపెట్టెదము. పశువులకు మేత కోయువారికి ఈ ఉపేక్ష ప్రమాదకరము. గినీ గడ్డిని, దానిని పోలిన జాన్సన్ గడ్డి నుండి వేరుచేసి చూపుటయే మా ఉద్దేశము.

గినీ గడ్డి జన్మస్థానము ఆఫ్రికా. పశుగ్రాసముగా మన దేశమునకు వచ్చి, పొలము దాటి, ఎవరును విత్తకయే మొలచుచు ఇచ్చటి మొక్కయే అయినది. 1781లో జాకిన్ దీనికి పానికం మాక్సిమం అని పేరిడెను. 2003లో మెగాథిర్సస్ మాక్సిమస్ అను పేరు వచ్చినది. పాత గ్రంథములలో మొదటి పేరే కనబడును గనుక విద్యార్థులు రెండింటిని ఎరిగియుండవలెను.

ఇది బహువార్షికము. ఒకే మొదలు నుండి అనేక పిలకలు లేచి దుబ్బు కట్టును. ఎత్తు ఒకటి నుండి మూడు మీటర్లు. ఆకు పొడవు, నడిమి ఈనె తెలుపు. అయితే అట్టి ఈనె జాన్సన్ గడ్డికిని కలదు. కావున ఆకును చూచి తీర్పు చెప్పరాదు, వెన్నును చూడవలెను. గినీ గడ్డి వెన్ను విశాలముగా విచ్చుకొనును. దాని అడుగు కొమ్మలు ఒకే చోట చుట్టును వలయముగా బయలుదేరును. ఒక చిరుకంకిని అరచేత నుంచుకొని భూతద్దముతో పరిశీలింపుడు. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. కొనయందు ముల్లు ఉండదు. అడుగు పొర చిరుకంకిలో మూడవ వంతు మాత్రమే. పై పొరలను ఒలిచినచో గింజను కప్పిన గట్టి పొట్టుపై అడ్డముగా సన్నని ముడుతలు కనబడును. అసలైన పానికం జాతులలో ఈ పొట్టు నున్నగా మెరయుచుండును. దీనిని ఆ ప్రజాతి నుండి తొలగించుటకు ఈ ముడుతలును ఒక కారణమే!

జాన్సన్ గడ్డి జొన్నకు దాయాది. దాని చిరుకంకులు జంటలుగా నుండును. జంటలో ఒకటి కాడ లేనిది, రెండవది కాడ గలది. జొన్నకు వలెనే దీని లేత పిలకలలోను, వాడిన తరువాత మరల చిగిర్చిన ఆకులలోను రైతులు ‘నాము’ అనెడి విషము పుట్టును. అది హైడ్రోసయనిక్ ఆమ్లము. ఆకలిగొన్న గేదె దానిని కడుపునిండ మేసినచో స్వల్పకాలములోనే ఊపిరాడక కూలిపోవచ్చును. గినీ గడ్డితో ఈ నాము భయము లేదు.

వెన్ను వేయని కాలమున మొదలు త్రవ్వి చూడవలెను. పొలుసులు గల కొమ్ములు నేలలో దూరముగా పాకియున్నచో అది జాన్సన్ గడ్డి. కాని లేత మొలకకు ఆ కొమ్ములు ఇంకను ఏర్పడియుండవు. అట్టిదానిని, వెన్ను వేసి తన జాతి చెప్పువరకు, మేతకట్టలో చేర్పరాదు.