చేపల చెరువు గట్టు - పాడిపశువులకు జలగ వ్యాధి

కృష్ణా, గోదావరి డెల్టాలలో వరిచేలు చేపల చెరువులైన చోట పశువులకు చెరువు గట్టే మేత బీడు. ఆ మేతతోనే జలగ వ్యాధి రావచ్చును. ఇది కాళ్ళకు పట్టే జలగ కాదు. కార్జంలో చేరే ఆకులాంటి పురుగు.

దీని గ్రుడ్లు పశువు పేడలో పడతాయి. ఎరువుగా వేసిన పచ్చిపేడతో చెరువులో చేరి పొదుగుతాయి. పిల్లలు నత్తలలో పెరిగి, నీటి అంచు గడ్డిని అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన పశువు చిక్కిపోతుంది, పారుకుంటుంది, దవడ క్రింద నీరు దిగుతుంది, పాలు తగ్గుతాయి. అప్పటికే కార్జం దెబ్బతిని ఉంటుంది.

నీటిలో పెరిగే ఆకుకూరలు పచ్చిగా తింటే మనుషులకూ సోకుతుంది. చేపల వలన ఈ జలగ రాదు. థాయిలాండ్, లావోస్‌లలో పచ్చిచేప తినేవారికి సోకేది వేరొక జాతి. బాగా ఉడికిన చేపతో ఆ భయమూ లేదు.

సభ్యులు పాటించవలసినవి:

1. పేడను కుప్పవేసి, బాగా మాగిన తర్వాతే చెరువులో వేయండి.

2. నీటి అంచు గడ్డి మేపకండి; గట్టు పైభాగపు గడ్డి కోసి వేయండి.

3. బాతులను వదలండి, నత్తలను తింటాయి.

4. పేడ పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మందే త్రాగించండి. ఆయన చెప్పినన్ని రోజులు ఆ పశువు పాలు కేంద్రానికి పోయకండి.