కోర్సు కట్టకముందు ఒక పాఠం చెప్పి చూడాలి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద తెలుగులో ఒక ఆన్‌లైన్ కోర్సు తయారు చెయ్యాలని మేం కొందరం పరిశోధక విద్యార్థులం అనుకున్నాం. 1989లో చట్టం, 1995లో నిబంధనలు, 2015లో పెద్ద సవరణ, 2018లో మరో సవరణ. ఇంత మారినా వాడల్లో ఇప్పటికీ 'త్రీ వన్ టెన్' అనే పాత నెంబరే నడుస్తోంది. ఆ పదో క్లాజు ఇప్పుడు 'ఆర్' క్లాజయిందనీ, కులం పేరుతో తిట్టడానికి 'ఎస్' అని వేరే క్లాజు వచ్చిందనీ చదువుకున్న కుర్రాళ్లలోనే చాలామందికి తెలీదు. కాబట్టి నలభై వీడియోలు తీద్దాం, స్టూడియో మాట్లాడదాం, వెబ్‌సైటు కడదాం అనుకున్నాం. అంచనా వేసి చూస్తే, ఎప్పుడొస్తాయో తెలీని ఫెలోషిప్పుల్లోంచి ఏడాదిపాటు పోగేసిందంతా దానికే సరిపోయేట్టుంది. స్టూడియోకి అడ్వాన్సు ఇచ్చే ముందురోజు మాలో ఒకరు అడిగారు: "ఇది కావాలని మనల్ని ఎవరడిగారు?"

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

ఆన్‌లైన్ చదువుకి సంబంధించి కొన్ని సంగతులు అందరికీ తెలిసినవే. 2012 ప్రాంతంలో అమెరికా యూనివర్సిటీల నుంచి మొదలైన భారీ ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లలో పదిశాతం మంది కూడా చివరిదాకా మిగలకపోవడం మామూలు విషయం. మన దేశంలో 2017లో స్వయం వేదిక మొదలైంది. ఆ 2017-18లోనే జరిగిన జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం గ్రామాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు సుమారు 15 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది సాయంత్రం ఎవరి చేతిలో ఉంటుందన్నది వేరు.

వ్యాపారం కోసం కోర్సులు తయారుచేసేవాళ్లు ఈ నష్టాన్ని తప్పించుకోడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు కోర్సు గురించి ఒక ప్రకటన ఇస్తారు. ఫలానా తేదీన మొదలవుతుందని చెప్పి డబ్బు కట్టించుకుంటారు. అనుకున్నంతమంది కడితే తయారుచేస్తారు, లేకపోతే డబ్బు తిరిగిచ్చేసి ఊరుకుంటారు. నోటితో "బాగుంది" అనడం తేలిక, జేబులోంచి తియ్యడం కష్టం. కాబట్టి జేబుని నమ్మమంటారు. కొనేవాడూ వాడుకునేవాడూ ఒక్కడే అయినచోట ఇది సరైన పద్ధతే. కానీ మా కోర్సు ఎవరికోసమో వాళ్ల దగ్గర ఐదొందలు అడిగితే తేలేది వాళ్ల అవసరం కాదు, వాళ్ల జేబు. అవసరం ఎక్కువున్న చోటే జేబు ఖాళీగా ఉంటుంది.

అయితే అక్కడితో ఆగి 'మనది వ్యాపారం కాదు, మనకి పరీక్ష అక్కర్లేదు' అనుకోవడం ఇంకా పెద్ద తప్పని మేం భావిస్తున్నాం. వాడకి ఏం కావాలో యూనివర్సిటీ గదిలో కూర్చుని తేల్చేసే అలవాటుని మనం అగ్రకుల మేధావుల్లో ఎన్నిసార్లు విమర్శించలేదు? అదే పని మనం చేస్తే దాని పేరు మారుతుందా?

మొదట మేం చేసింది పొరపాటే. ఏప్రిల్ 14న జయంతి సభలో "ఇట్లాంటి కోర్సు పెడితే చేరతారా?" అని అడిగాం. అన్ని చేతులూ లేచాయి. "మంచి పని అన్నా, చెయ్యండి" అన్నారు. ఆ చేతులకి విలువ లేదని మాకు అర్థం కావడానికి నెల పట్టింది. అది మా మీద గౌరవం, బాబాసాహెబ్ మీద గౌరవం. అందులో కోర్సు ఎక్కడుంది?

రెండోసారి ప్రశ్న మార్చాం. రాబోయేదాని గురించి కాకుండా జరిగినదాని గురించి అడిగాం. ఈ ఏడాది మీ వాడ నుంచి ఎవరైనా స్టేషన్‌కి పోయారా? పోయేముందు ఎవరికి ఫోన్ చేశారు? వాళ్లేం చెప్పారు? ఫోన్‌లో ఏమైనా వెతికారా? ఈ జవాబులు మా ఆలోచననే తిరగేశాయి. దెబ్బలు తిన్నవాళ్లెవరూ చట్టం నేర్చుకోవాలనుకోలేదు, ఆ రాత్రి స్టేషన్‌లో ఏం మాట్లాడాలో తెలిస్తే చాలనుకున్నారు. ఫోన్ పోయింది వాడలో డిగ్రీ చదివిన ఒక అన్నకో అక్కకో. అంటే మా విద్యార్థి బాధితుడు కాదు, బాధితుడు ఫోన్ చేసే మనిషి. నలభై వీడియోల ప్రణాళికలో ఈ మనిషి లేనే లేడు.

డబ్బుకి బదులు ఈ మనుషుల్ని మేం ఒక పని అడిగాం. మీకు తెలిసిన ఒక ఫిర్యాదు కాపీని పేర్లు కొట్టేసి తీసుకురండి, లేదా స్టేషన్ నుంచి ఉత్తిచేతుల్తో తిరిగొచ్చిన ఒక సంగతిని మీ గొంతుతో రికార్డు చేసి పంపండి, అప్పుడే పాఠానికి రండి అన్నాం. చేతులెత్తినవాళ్లలో ఎక్కువమంది పంపలేదు. పంపినవాళ్లు పంతొమ్మిది మంది. మాకు కావలసింది వాళ్లే.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఒకే ఒక పాఠం, మా ఫోన్ నుంచే, వీడియో కాల్‌లో. ఎస్ఐ అర్జీ తీసుకుని ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఏం చెయ్యాలి? 2018లో చేర్చిన 18ఏ ప్రకారం కేసు కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని, కట్టకపోతే విషయాన్ని రాసి ఎస్పీకి పోస్టులో పంపొచ్చని, ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని చేసే విధి నిర్లక్ష్యం నాలుగో సెక్షన్ కింద నేరమని, దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకుండా జరగాలని చెప్పాం. గంట పాఠం అయ్యేసరికి ఏడుగురు మిగిలారు.

పాఠం బాగోలేదేమో అనుకుని బాధపడ్డాం. మర్నాడు పోయినవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. రోజుకిచ్చే డేటా ఎనిమిదింటికే అయిపోయిందన్నారు కొందరు. ఇద్దరు అక్కలు అది వంట వేళ అనీ, ఆ టైములో ఫోను మొగుడి దగ్గరుంటుందనీ చెప్పారు. పగలు కూలికి పోయేవాళ్ల కోసం పూలే దంపతులు 1855లో రాత్రి బడి పెట్టిన సంగతి మేం ఎన్ని వ్యాసాల్లో రాశామో! పాఠం వేళని చదువుకునేవాళ్ల పనిని బట్టి పెట్టాలన్నది మాత్రం మాకు తట్టలేదు. ఆ తర్వాతి పాఠాల్ని పది నిమిషాల ఆడియోగా పంపాం. ఎప్పుడు వీలైతే అప్పుడు విన్నారు.

పోయినవాళ్లలో ఒక తమ్ముడి సంగతి వేరు. తను పనిచేసే చోట యజమాని ఫోన్‌లో గ్రూపు పేరు చూశాడట. "అన్నా, నన్ను తీసెయ్యండి, పేరు కూడా మార్చండి" అన్నాడు. ఇతన్ని 'మధ్యలో మానేసినవాళ్ల' లెక్కలో వెయ్యడం అన్యాయం. ఆ రోజే గ్రూపు పేరు మార్చాం, నడుస్తున్న కేసుల వివరాలు అందులో పెట్టొద్దని చెప్పాం. పాఠాలు కూడా ముందు ఒక వకీలు విన్నాకే పంపుతున్నాం. వంటల కోర్సులో తప్పు చెబితే కూర చెడుతుంది, ఇక్కడ కేసే పోతుంది.

ఇక విషయం సంగతి. మా ప్రణాళికలో మొదటి మూడు పాఠాలు చరిత్ర: 1955 అంటరానితనం నేరాల చట్టం, 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమైన తీరు వగైరా. మాకు చాలా ఇష్టమైన భాగం అది. ఒకటి పంపి చూశాం. ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు. కానీ "పదిమంది చూసేచోట తిడితేనే కేసు" అని ఒక్క వాక్యం చెప్పగానే ఒక అక్క, "మా ఇంట్లోకొచ్చి తిడితే కేసు లేదా?" అనడిగింది. బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాటల్ని ఈ క్లాజు కిందికి తీసుకోలేమని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అంది. వాకిట్లో పదిమందికి వినపడేట్టు తిడితే ఏమిటి? పొలం గట్టు మీదయితే? ఒక వారమంతా ఇదే చర్చ. మా ప్రణాళికలో ఈ అంశం పదిహేడో వీడియోలో రెండు నిమిషాలు. చరిత్ర అంటే వాళ్లకి ఇష్టం లేదనీ కాదు. చుండూరులో 1991లో ఎనిమిదిమందిని చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఎందుకు కొట్టేశారని వాళ్లే అడిగి గంటసేపు విన్నారు.

పాఠం పనిచేసిందా లేదా అని ఎట్లా తెలుస్తుంది? 'మీ అభిప్రాయం' అనే కాగితం పంపితే మళ్లీ జయంతి సభ చేతులే. 1991 తర్వాత నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కార్యక్రమంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఎట్లా ఉందని ఆడవాళ్ల చేత మార్కులు వేయించుకోనక్కర్లేకపోయింది. దూబగుంట వంటి ఊళ్లలో వాళ్లు సారా దుకాణం మీదికి నడిచారు. మేం అంత దూరం పోలేదు. ఒక కల్పిత సంఘటన ఇచ్చి, ఫిర్యాదు రాయమన్నాం. తేదీ, చోటు, అన్న మాటలు, చూసినవాళ్ల పేర్లు దాదాపు అందరూ రాశారు. ఎక్కువమంది వదిలేసింది ఒక్కటే: నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదన్న మాట. 2008లో మన రాష్ట్రం నుంచే పోయిన గోరిగె పెంటయ్య కేసులో ఫిర్యాదులో ఆ మాట లేకపోవడాన్ని కూడా ఒక కారణంగా చూపి సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. ఊళ్లో ఎవరి కులమేదో అందరికీ తెలుసు కాబట్టి రాయాలని తోచదు. కాగితానికి మాత్రం తెలీదు. ఆ పాఠాన్ని మార్చి మళ్లీ చెప్పాం, మళ్లీ రాయించాం. ఈసారి ఇద్దరే మర్చిపోయారు.

పరీక్ష మొదలుపెట్టకముందే మేం ఒక కాగితం మీద రాసుకున్నాం: ఫిర్యాదు సరిగ్గా రాసినవాళ్లు సగానికి తగ్గితే కోర్సు ఆలోచన మానుకుంటాం. ముందే రాసుకోకపోతే ఎంత వచ్చినా 'ఫర్వాలేదు' అనిపిస్తుంది. మన ఆలోచన మీద మనకి మమకారం ఉంటుంది మరి. సగం కన్నా ఎక్కువే వచ్చారు, కోర్సు ఉంటుంది. కానీ నలభై వీడియోలు కాదు. ఎనిమిది ఆడియో పాఠాలు, జేబులో పెట్టుకునే నాలుగు పేజీల పుస్తకం. కాలేజీ హాస్టళ్లలో పిల్లలకి వీడియోలే కావాలని మాలో ఒకరు ఇంకా వాదిస్తున్నారు. అది కూడా ఒక హాస్టల్లో ఒక వీడియోతో చూశాకే తేలుద్దామన్నాం. స్టూడియోకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. వచ్చే పాఠం పరిహారం మీద. ఎఫ్ఐఆర్ దశలో ఎంత, ఛార్జిషీటు వేశాక ఎంత, శిక్ష పడ్డాక ఎంత అని పంతొమ్మిది మందిలో ఎక్కువమంది అడిగింది అదే.