తెర లేని సర్వర్‌ను దూరం నుంచి నడిపేదెలా?

డేటా సెంటర్‌లో బీరువాల్లాంటి ర్యాకులు, ఒక్కోదాని నిండా సర్వర్లు. వాటికి తెర ఉండదు, కీబోర్డూ ఉండదు. అన్నిటికీ పెట్టాలంటే చోటెక్కడ? అందుకే కేవీఎం స్విచ్ వాడతారు. కీబోర్డు, తెర, మౌస్ ఒక్క జతే. ఏ సర్వర్ కావాలంటే దానికి కలుపుకోవచ్చు.

మామూలు రోజుల్లో ఈ స్విచ్‌తో పని పడదు. ఇంజినీర్లు నెట్‌వర్క్ ద్వారానే లాగిన్ అవుతారు. కానీ లాగిన్ కావాలంటే సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తూ ఉండాలి కదా! అదే లేవకపోతే?

దూరం నుంచి పనిచేసే కేవీఎం స్విచ్ ఉపయోగం అప్పుడే తెలుస్తుంది. సర్వర్ తెరకు పంపే సంకేతాన్ని పట్టుకుని, కుదించి, నెట్‌వర్క్ మీదుగా ఇంజినీరు కంప్యూటర్‌కు చేరుస్తుంది. అక్కడ నొక్కిన మీటలను వెనక్కి తెచ్చి, మామూలు కీబోర్డులాగే అందిస్తుంది. పక్కనే ఎవరో కూర్చున్నారని సర్వర్ అనుకుంటుంది, పాపం! అందువల్ల ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవకముందు వచ్చే బయోస్ తెర కూడా కనిపిస్తుంది. రౌటర్లకైతే బొమ్మలతో పనిలేదు. సీరియల్ కన్సోల్‌లో అక్షరాలొస్తే చాలు, సెకనుకు 9600 బిట్ల వేగమైనా సరిపోతుంది.

మరి అసలు నెట్‌వర్కే పడిపోతే? అందుకే ఈ స్విచ్‌లకు విడిగా మరో నెట్‌వర్క్ వేస్తారు. అదీ ఒక్కోసారి మొరాయిస్తుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు ఆ రెండో దారి కూడా పనిచేయలేదు. ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లారు. అక్కడి కట్టుదిట్టమైన భద్రత దాటి లోపలికి వెళ్లడానికే చాలా సమయం పట్టింది.