మహానగరంలో జానపద సంగీతం

జానపద సంగీతం అనగానే పల్లెలు గుర్తుకు వస్తాయి. కాని బతుకుతెరువు కోసం నగరాలకు వచ్చినవారు తమ పాటలను కూడా వెంట తెచ్చుకున్నారు. వాటిని వినాలంటే ఏ పండుగ ఎప్పుడు వస్తుందో తెలియాలి. హైదరాబాదు నగరాన్నే తీసుకుందాం.

ఆషాఢమాసంలో బోనాలు గోలకొండలో మొదలవుతాయి. తరువాత సికింద్రాబాదులోని ఉజ్జయినీ మహంకాళి గుడి వద్ద, ఆపైన లాల్‌దర్వాజాలో జరుగుతాయి. డప్పుల దరువుకు పోతరాజులు చిందులు వేస్తారు. ఒగ్గు కళాకారులు డోళ్లు, తాళాలు వాయిస్తారు. ఎల్లమ్మ కథ, మల్లన్న కథ చెప్పేది వీరే. దసరాకు ముందు స్త్రీలు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ, చప్పట్లు చరుస్తూ పాడతారు. సంక్రాంతి రోజులలో తంబుర, చిరుతలతో హరిదాసు వాకిట నిలుస్తాడు.

1961లో ప్రారంభమైన రవీంద్రభారతి వేదికపై కూడా జానపద కళారూపాలను ప్రదర్శిస్తుంటారు. అయితే రాత్రంతా సాగే కథను అక్కడ కొద్దిసేపటికి కుదించక తప్పదు. గుడి ముంగిట అయితే కథకుడికి తొందర లేదు.

ఈ కళ ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. వినేవారు కరువైతే కళాకారుల పిల్లలు డోలు పట్టరు. కాబట్టి మీ వీధిలో డప్పు మోగినప్పుడు వెళ్లి వినండి. ఆ పాట ఎవరి కథ చెబుతున్నదో అడిగి తెలుసుకోండి.