పడవను లాగే బండి

సెలవు రోజు కారు వెనక కట్టుకుని సరస్సుకో సముద్రానికో తీసుకెళ్ళే తెరచాప పడవల్లో అమెరికాలో బాగా పేరున్నది కాటలినా 22. ఫ్రాంక్ బట్లర్ రూపొందించిన ఈ పడవ 1969లో మొదలైంది, 15,000కు పైగా తయారయ్యాయి. కీల్ పైకి మడిచే రకం పడవ బరువు సుమారు 2,250 పౌండ్లు, అంటే వెయ్యి కిలోల పైమాట. ఇందులో 550 పౌండ్లు కీల్‌వే. గాలి పక్కనుంచి తోసినప్పుడు పడవ బోల్తా పడకుండా అడుగున వేలాడే ఇనుప రెక్క అది. హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు వాడే లేజర్ పడవ 59 కిలోలే కాబట్టి దాన్ని చూసి దీని బరువు ఊహించడం కష్టం.

రోడ్డెక్కే బరువు పడవదొక్కటే కాదు. ట్రైలర్, మోటారు, పెట్రోలు, లంగరు, బ్యాటరీ, ఐస్‌పెట్టె అన్నీ చేరితే లెక్క 3,500 పౌండ్ల దాకా, అంటే దాదాపు 1,600 కిలోల దాకా పోతుంది. అనుమానం ఉన్నవారు హైవే పక్క ట్రక్ స్టాపుల్లో లారీలను తూచే కాటా మీదికి ఎక్కించి చూసుకుంటారు. మాక్‌గ్రెగర్ 26 వంటి పడవల్లో ఇనుముకు బదులు లోపల నింపిన నీళ్ళే ప్రధాన భారం. పడవను ఒడ్డుకు లాగాక వాటిని వదిలేయాలి. మరిచిపోతే ట్రైలర్ మీద అర టన్ను నీళ్ళు ఊరంతా తిరుగుతాయి.

ఇక కారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది లాగగల బరువు. ఒకప్పుడు ఈ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే తోచినట్టు చెప్పుకునేది. ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణం వచ్చాక కొలత ఒక్కటైంది. అందులోని ఒక పరీక్ష అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర ఘాట్ రోడ్డును బట్టి వచ్చింది. సుమారు 18 కిలోమీటర్లు ఎడతెగని ఎక్కుడు, 38 డిగ్రీల ఎండ, ఏసీ పూర్తిగా ఆన్‌లో. ఇంజన్ ఉడికిపోకుండా, వేగం మరీ పడిపోకుండా బండి పైకి చేరాలి.

అయితే కుటుంబంతో వెళ్ళేవారిని ఇబ్బంది పెట్టేది సాధారణంగా ఈ అంకె కాదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభానికి అంటించిన స్టిక్కర్ మీద ఇంకో అంకె ఉంటుంది: మనుషులు, సామాను కలిపి బండి మోయగల బరువు. ట్రైలర్ ముందు కొస కారు హుక్కు మీద మోపే భారం కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. ఉదాహరణకు ఆ అంకె 500 కిలోలు అనుకుంటే, 75 కిలోల చొప్పున అయిదుగురికి 375 పోతాయి. 1,600 కిలోల ట్రైలర్ పదో వంతు భారం మోపితే మరో 160. సామాను ఎక్కించకముందే లెక్క దాటిపోయింది. 5,000 పౌండ్లు లాగుతుందని కొన్న బండి 3,500 పౌండ్ల పడవ దగ్గర చతికిలబడేది ఇక్కడే.

ఆ పదో వంతు మాట ఊరికే వచ్చింది కాదు. ఎడ్లబండి తోలినవారికి సంగతి తెలుసు: సరుకు వెనక్కి పడితే బండి ముందు భాగం పైకి లేచి కాడి ఎడ్ల గొంతుకు పట్టుకుంటుంది, ముందుకు పడితే మెడలు కుంగిపోతాయి. ట్రైలర్‌కూ అదే నీతి. ముందు కొస మీద భారం చాలకపోతే కొంత వేగం దాటగానే అది పాములా మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. అమెరికాలో మామూలు ట్రైలర్లకు 10 నుంచి 15 శాతం చెబుతారు, పడవ ట్రైలర్లకు కాస్త తక్కువైనా ఫర్వాలేదు. పడవను ట్రైలర్ మీద కొన్ని అంగుళాలు ముందుకో వెనక్కో జరిపి దీన్ని సరిచేస్తారు. దారిలో మెలికలు మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయాలి.

కట్టే చోట పొరపాటు చిన్నదిగానే ఉంటుంది. రెండంగుళాల ట్రైలర్ గిన్నె కారు హుక్కుకున్న ఒకటీ ఏడు బై ఎనిమిది అంగుళాల బంతి మీద కూడా చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, మొదటి గుంతలో ఎగిరి బయటపడుతుంది. ట్రైలర్‌ను కారుకు కలిపే రెండు గొలుసులను కింద అడ్డంగా, ఒకదానిమీదొకటి దాటేలా తగిలించేది అందుకే: ఊడిన కొస రోడ్డుకు తగలకుండా ఆ ఉయ్యాలలో పడుతుంది.

లాగడం కన్నా ఆపడం కష్టం. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలంటాయి. పడవ ట్రైలర్లకు ఎక్కువగా ఉండేవి సర్జ్ బ్రేకులు. కారు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుడే ద్రవాన్ని నొక్కి దాని చక్రాలను పట్టిస్తుంది. వెనక్కి నడిపేటప్పుడు కూడా అదే జరిగి ట్రైలర్ మొరాయించవచ్చు, అందుకే వాటికి రివర్స్ తాళం అమరుస్తారు. వేగం మాటకొస్తే, కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి పరిమితి గంటకు 55 మైళ్ళు. పరిమితి ఎక్కువ ఉన్నచోట కూడా ఇది మంచి వేగమే. ట్రైలర్ టైర్లు తిరిగి అరిగేకన్నా ఎండలో నిలబడి పాతబడేవే ఎక్కువ, కాబట్టి టైరు గాడులు బాగున్నాయని మోసపోకూడదు.

రేవు చేరగానే నీళ్ళలోకి దింపడం తొందరపాటు. దారంతా తిరిగి వేడెక్కిన చక్రాల హబ్బులు చన్నీళ్ళలో ఒక్కసారి మునిగితే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది, గ్రీజు పాడై బేరింగ్ తుప్పు పడుతుంది. అవి చల్లారేలోపు తెరచాప కొయ్యను నిలబెట్టుకోవచ్చు, అయితే పైన కరెంటు తీగలు లేవని చూశాకే. అల్యూమినియం కొయ్య తీగకు తగిలి ప్రాణాలు పోయిన ఘటనల తర్వాతే హోబీ కంపెనీ తన పడవల కొయ్య పై భాగాన్ని కరెంటు పారని ఫైబర్‌గ్లాస్‌తో చేసింది.

తెరచాప పడవ ట్రైలర్ మీద ఎత్తుగా కూర్చుంటుంది, తేలాలంటే మోటారు పడవకన్నా లోతుకు దించాలి. కారు నీళ్ళలో దిగకుండా ట్రైలర్ ముందు కొసను పొడిగించే ఇనుప దూలం ఇందుకు అక్కరకొస్తుంది. అసలు పరీక్ష మాత్రం తిరిగి పైకి లాగేటప్పుడే. నాచు పట్టిన వాలు మీద బరువంతా వెనక్కి ఒరిగి ముందు చక్రాల పట్టు సడలుతుంది, ముందు చక్రాలతో నడిచే కారైతే అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. నాలుగు చక్రాల డ్రైవ్‌కు డబ్బు పెట్టడానికి ఈ ఇరవై అడుగుల వాలే తగిన కారణం.

పడవ పైకొచ్చాక కీల్ భారం తాడు మీద కాక ట్రైలర్ దూలం మీద ఆనేలా దించి, కొయ్యను పడుకోబెట్టి కట్టి, లైట్ల వైరు మళ్ళీ తగిలించాలి. కొన్ని మైళ్ళు నడిచాక ఒకసారి ఆగి ట్రైలర్ హబ్బులు తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ పోతోందని అర్థం.