పాత కార్లలో ఇంజను ఆయిలు కారుట

ఇంజను ఆయిలు కారుట అనగా మోటారు వాహనపు ఇంజనులో కందెనగా ఉండే నూనె ప్యాకింగుల గుండా, సీళ్ళ గుండా, లేదా అరిగిన భాగాల సందుల గుండా బయటకు వచ్చుట. ఇది పాత కార్లలో సర్వసాధారణమైన లోపం. (తెలుగులో వాహనం పేరు, ఈ క్రియ ఒకే రూపంలో ఉండడం కేవలం కాకతాళీయం.) నూనె కారడం ఒక ఎత్తు, అది ఎక్కడ నుండి కారుతున్నదో కనుగొనడం మరొక ఎత్తు. రెండు మూడు సార్లు మరమ్మత్తు చేయించినా ఆగని లీకులలో చాలా వాటికి కారణం మరమ్మత్తు సరిగా లేకపోవడం కాదు, నూనె కారే చోటును తప్పుగా గుర్తించడమే.

ఈ వ్యాసంలో ఉదాహరణగా ప్రధానంగా అంబాసిడర్ కారును తీసుకోవడం జరిగింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర నుండి 2014 మే వరకు తయారు చేసిన ఈ కారు, ఖమ్మం జిల్లా సత్తుపల్లి వంటి పట్టణాలలో దీర్ఘకాలం టాక్సీగాను, ప్రభుత్వ వాహనంగాను తిరిగినది.

నష్టం ఎంత?

నిమిషానికి ఒక చుక్క కారితే రోజుకు 1440 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 72 మిల్లీలీటర్లు, నెలకు రెండు లీటర్ల పైమాటే. ఇంజను తిరుగుతున్నప్పుడు పీడనం వలన ఇది ఇంకా పెరుగుతుంది. చాంబరులో (నూనె నిలువ ఉండే అడుగు తొట్టె) మట్టం పడిపోతే ముందుగా దెబ్బతినేది క్రాంకు బేరింగులు. సత్తుపల్లి నుండి అశ్వారావుపేట మీదుగా భద్రాచలం వైపు అడవి దారిలో పోయే బండికి బేరింగు పట్టేస్తే దగ్గరలో షెడ్డు దొరకదు. వేడి సైలెన్సరు గొట్టంపై నూనె పడితే పొగ, ఒక్కొక్కసారి మంట కూడా రావచ్చును. క్లచ్ ప్లేటుకు నూనె అంటితే అది జారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది గాని బండి కదలదు.

నూనె ఏది?

కారు కింద మరక కనబడగానే అది ఇంజను ఆయిలేనని అనుకోరాదు. రాత్రి కారు కింద తెల్ల కాగితాలో పాత అట్టముక్కలో పరచి, ముందు చక్రాల స్థానాలు దానిపై గుర్తు పెట్టుకుంటే చుక్కలు ఏ భాగం కింద పడినవో ఉదయం తెలుస్తుంది. ఇంజను ఆయిలు వాడుకలో నల్లబడి పలుచగా ఉంటుంది. గేరు ఆయిలు చిక్కగా ఉండి గంధకపు వాసన వేస్తుంది. బ్రేకు ఆయిలు దాదాపు రంగు లేకుండా ఉండి పెయింటును లేపేస్తుంది.

శుభ్రపరచి చూచుట

సత్తుపల్లి పరిసరాలలో సింగరేణి ఉపరితల గనుల బొగ్గు ఏళ్ళ తరబడి లారీలలో తరలింది. 2022లో భద్రాచలం రోడ్డు నుండి సత్తుపల్లికి రైలు మార్గం వచ్చింది. ఇటువంటి ధూళి ఉన్న దారులలో తిరిగిన ఇంజనుపై నూనె, దుమ్ము కలిసి నల్లని పొరగా గట్టిపడతాయి. ఆ పొర ఉండగా ఎంత నిపుణుడైనా లీకు చోటు చెప్పలేడు. చల్లారిన ఇంజనును కిరోసిన్‌తో కడిగి, డిస్ట్రిబ్యూటరులోకి తడి పోకుండా చూచి, పూర్తిగా ఆరనివ్వాలి. కిరోసిన్ ఆరక ముందు స్టార్టు చేయుట ప్రమాదకరం. తరువాత అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, పది పదిహేను కిలోమీటర్లు నడిపి మళ్ళీ చూస్తే పౌడరుపై తడి గీతలు కనబడతాయి.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. నూనె బరువు వలన కిందికి, ఎదురుగాలి వలన వెనుకకు పోతుంది. అందుచేత తడిసిన భాగాలలో అన్నిటికంటె పైన, అన్నిటికంటె ముందు ఉన్న చోటే మూలం. చుక్క రాలే చోటు మూలం కాదు. పౌడరుతో తేలనప్పుడు నూనెలో అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు కలిపి ప్రత్యేక దీపంతో చూచే పద్ధతి కూడా ఉన్నది.

అంబాసిడర్ ఇంజను ప్రత్యేకత

అంబాసిడర్‌లో దీర్ఘకాలం వాడిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' శ్రేణికి చెందినది. దీని క్రాంకు షాఫ్టు మూడు బేరింగులపై తిరుగుతుంది. ఈ షాఫ్టు వెనుక కొనకు, నేటి ఇంజన్లలో ఉన్నట్లు రబ్బరు ఆయిల్ సీలు లేదు. దానికి బదులు షాఫ్టుపైనే మర చుట్లు కోయబడి ఉంటాయి. షాఫ్టు తిరుగుతున్నప్పుడు ఆ చుట్లు బయటకు రాబోయిన నూనెను మరమేకు వలె వెనక్కు తోసి చాంబరులోకి పంపుతాయి. షాఫ్టుకు, దాని చుట్టూ ఉన్న గూడుకు మధ్య సన్నని ఖాళీ ఉంటుంది గాని రెండూ తాకవు.

తెలివైన ఏర్పాటే, కానీ దీనికి మూడు బలహీనతలు ఉన్నవి. ఇంజను ఆగినప్పుడు చుట్లు పనిచేయవు. ముక్కు ఎత్తుగా ఉండేలా వాలులో నిలిపితే కొద్దిగా కారుతుంది. వెనుక బేరింగు అరిగితే షాఫ్టు గూడు మధ్య నుండి పక్కకు జరిగి ఖాళీ ఒకవైపు పెరుగుతుంది. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, చాంబరులోని గాలి పీడనం. పిస్టను రింగులు, బోరు అరిగినప్పుడు మండిన వాయువులు కిందికి దిగి చాంబరులో పీడనం పెంచుతాయి. ఆ పీడనం మర చుట్లను లెక్కచేయకుండా నూనెను బయటకు ఊదుతుంది.

ఇలా వచ్చిన నూనె గేరు బాక్సు ముందరి గంట ఆకారపు గూడులోకి చేరి, దాని అడుగు రంధ్రం నుండి రాలుతుంది. బి.ఎం.సి. కార్లలో ఆ రంధ్రం పూడుకుపోకుండా ఒక స్ప్లిట్ పిన్ను వేలాడదీసి ఉంటుంది. కదులుతూ రంధ్రాన్ని తెరచి ఉంచడమే దాని పని. పనికిరానిదనుకొని దానిని తీసి పారవేస్తే నూనె లోపల నిలిచి క్లచ్‌ను తడుపుతుంది.

మోసగించే లీకులు

అడుగు రంధ్రం నుండి నూనె రాలుతుంటే "వెనుక సీలు పోయింది, ఇంజను దించాలి" అనడం వినబడుతూ ఉంటుంది. లేని సీలు పోవడం సాధ్యం కాదన్నది అటుంచితే, ఇంజను దించే ముందు చూడవలసిన చోట్లు చాలా ఉన్నవి.

ఇంజను పక్క భాగంలో, మానిఫోల్డుల కింద, రెండు చిన్న రేకు మూతలు ఉంటాయి. వీటి లోపల ట్యాపెట్లు ఉంటాయి. ఒక్కొక్క మూతను ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది. సైలెన్సరు వేడికి వీటి కార్కు ప్యాకింగు ఎండి పెళుసెక్కుతుంది. కారుతున్నదని బోల్టును ఇంకా బిగిస్తే రేకు మధ్యలో లోపలికి వంగి అంచులు లేస్తాయి, లీకు ఎక్కువవుతుంది. ఇక్కడి నూనె ఇంజను పక్కగా వెనుకకు జారి, వెనుక నుండి వచ్చినట్లే కనబడుతుంది. చేతికి అందని చోటు కాబట్టి మూత కింద చిన్న అద్దం పెట్టి చూడాలి. ఇంజను పైనున్న రాకరు కవరు ప్యాకింగు సంగతీ ఇదే.

ఆయిలు ఫిల్టరు మార్చినప్పుడు గాడిలోని పాత రబ్బరు వలయం తీయకుండా దానిపైనే కొత్తది వేయుట మరొక పొరపాటు. పీడనం ఎక్కువగా ఉండే చోటు కనుక ఈ లీకు ధారగా వస్తుంది. డ్రెయిన్ నట్టు వాషరు, చాంబరు చివరల కార్కు పట్టీలు, పెట్రోలు పంపు ప్యాకింగు కూడా చూడాలి.

మారుతి 800 (1983–2014) ఇంజనులో రబ్బరు సీళ్ళు ఉన్నప్పటికీ ఇటువంటి మోసమే ఉన్నది. హెడ్డు చివరన, గేరు బాక్సు వైపు, డిస్ట్రిబ్యూటరు దగ్గర వలయం గట్టిపడితే అక్కడి నూనె కిందికి దిగి క్రాంకు సీలు పోయినట్లు భ్రమ కలిగిస్తుంది. ముందు వైపు సీళ్ళు కారితే నూనె టైమింగు బెల్టును తడిపి పాడుచేస్తుంది. దానిని మాత్రం వాయిదా వేయరాదు.

పీడన పరీక్ష

ప్యాకింగులు ఎన్ని మార్చినా ఒక చోట ఆగి మరొక చోట మొదలవుతున్నదంటే చాంబరు పీడనాన్ని అనుమానించాలి. ఇంజను తిరుగుతుండగా నూనె పోసే మూత తీస్తే ఉక్కిరిబిక్కిరిగా పొగ తన్నుకు వస్తున్నదా అని చూడాలి. వస్తుంటే మొట్టమొదట చూడవలసినది బ్రీదరు గొట్టం. అంబాసిడర్‌లో ఇది ముందరి ట్యాపెట్ మూత వద్ద ఉంటుంది. మడ్డి పేరుకొని పూడుకుపోయిన గొట్టాన్ని కిరోసిన్‌తో కడిగితే, వేల రూపాయల ఖర్చు తప్పిన సందర్భాలు ఉంటాయి. నూనె గేజి కడ్డీపై గరిష్ఠ గీత దాటి ఉంటే తగ్గించాలి.

గొట్టం బాగానే ఉండి పొగ తగ్గకుంటే ప్రతి సిలిండరుకు కంప్రెషను కొలవాలి. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలిచినప్పుడు అంకె బాగా పెరిగితే రింగులు అరిగినట్లు. అప్పుడు ఇంజను పని తప్పదు. సీళ్ళ మీద ఖర్చు దండుగ.

లీకు ఆపుతాయని డబ్బాలలో అమ్మే ద్రావణాలు గట్టిపడిన రబ్బరును ఉబ్బించి పనిచేస్తాయి. రబ్బరు లేని మర చుట్ల వద్ద, కార్కు వద్ద వాటి ఉపయోగం శూన్యం. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఈ ప్రాంతంలో మరీ పలుచని నూనె కూడా లీకును పెంచుతుంది. పాత ఇంజన్లకు 20డబ్ల్యు-50 రకం చిక్కదనం అనుకూలం.

తీసిన నూనె

కారిన, తీసిన పాత నూనెను పల్లెలలో దూలాలకు చెదలు పట్టకుండా పూయుట ఎప్పటినుండో ఉన్నది. అయితే ఇది నేలలోకి, వాననీటితో బేతుపల్లి వంటి చెరువులలోకి చేరితే నీటిపై పొరగా పరచుకుంటుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన నూనెను అనుమతి పొందిన పునఃశుద్ధి సంస్థలకు చేర్చవలసి ఉంటుంది.